నిద్ర ఎలా పట్టిందో పొద్దున్నే తెలుస్తుంది

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం నిద్ర గురించినవే. ఒకే రకమైన సందేహాలను కలిపి ఆరు ప్రశ్నలుగా తీసుకుని, యోగ దృష్టితో జవాబులిస్తున్నాం.

ప్రశ్న: నా వయసు నలభై నాలుగు. రాత్రి పదిన్నరకు పడుకుని ఉదయం ఆరింటికి లేస్తాను. చేతికి పెట్టుకునే స్మార్ట్‌వాచ్ కూడా నిద్ర బాగుందనే మార్కులు వేస్తోంది. అయినా లేవగానే ఒళ్ళంతా బరువుగా, తల మొద్దుబారినట్టుగా ఉంటోంది. అసలు మంచి నిద్ర అని యోగశాస్త్రం దేన్ని అంటుంది?

జవాబు: యోగసూత్రాలు రచించిన పతంజలి చిత్తవృత్తులు, అంటే మనసు చేసే పనులు, ఐదని చెబుతూ ప్రమాణం (సరైన జ్ఞానం), విపర్యయం (తప్పు జ్ఞానం), వికల్పం (మాటల మీద పుట్టే ఊహ), స్మృతి (జ్ఞాపకం) అనే నాలుగింటి సరసన నిద్రను కూడా చేర్చాడు. నిద్రలో మనసు పూర్తిగా లేకుండా పోతుందని మనం అనుకుంటాం గానీ, ఆయన లెక్కలో అది కూడా మనసు చేసే పనుల్లో ఒకటే. ఏమీ లేదన్న ప్రతీతిని ఆధారం చేసుకుని ఉండే వృత్తి నిద్ర అని ఆ సూత్రాల్లో మొదటి భాగమైన సమాధిపాదం పదో సూత్రంలో నిర్వచించాడు. దానికి రుజువేమిటని అడిగితే, ఆ సూత్రాలకు ప్రాచీన వ్యాఖ్యానమైన వ్యాసభాష్యం చెప్పే సమాధానం మీ ప్రశ్నకు సూటిగా వర్తిస్తుంది. నిద్రలో ఏ అనుభవమూ లేకపోతే లేచాక దాని జ్ఞాపకం కూడా ఉండకూడదు. కానీ కళ్ళు తెరవగానే నిద్ర ఎలా పట్టిందో అందరమూ చెప్పగలుగుతున్నాం. ఆ చెప్పడం మూడు విధాలుగా ఉంటుందని భాష్యం వివరిస్తుంది. 'సుఖంగా పడుకున్నాను, మనసు తేటగా ఉంది, బుద్ధి చురుగ్గా ఉంది' అనిపిస్తే అది సత్త్వం ప్రధానంగా ఉన్న నిద్ర. 'సరిగా పట్టలేదు, మనసు నిలకడ లేకుండా తిరుగుతోంది' అనిపిస్తే రజస్సు ఎక్కువైన నిద్ర. 'ఒళ్ళు తెలియకుండా పడుకున్నాను, కాళ్ళూ చేతులూ బరువుగా ఉన్నాయి, మనసు అలసిపోయి ఎవరో దోచుకుపోయినట్టుగా ఉంది' అనిపిస్తే అది తమస్సు ఎక్కువైన నిద్ర.

మీరు రాసిన లక్షణాలు మూడోదానికి దాదాపు అక్షరాలా సరిపోతున్నాయి. గంటల లెక్క చూస్తే మీకు లోటు లేదు. పెద్దవారికి రోజుకు కనీసం ఏడు గంటల నిద్ర కావాలని వైద్యులు చెబుతున్న మాటకు మీరు తగినట్టే ఉన్నారు. కాబట్టి చూడవలసింది ఆ ఏడున్నర గంటల్లో ఏం జరుగుతోందని. మీ చేతి గడియారం ముఖ్యంగా మీ కదలికలనూ నాడి వేగాన్నీ చూసి నిద్ర దశలను అంచనా వేస్తుంది. మెదడులోని విద్యుత్ తరంగాలను కొలిస్తే తప్ప గాఢనిద్ర ఎంత, కలలు వచ్చే దశ ఎంత అన్నది కచ్చితంగా తేలదు. కనుక దాని మార్కులకూ మీ ఒంటికీ పొత్తు కుదరనప్పుడు ఒంటి మాటనే నమ్మండి.

ఒక చిన్న పని చేయండి. లేచిన వెంటనే ఎవరికైనా కాసేపు మగత ఉండడం సహజం కాబట్టి, ముఖం కడుక్కుని అటూ ఇటూ తిరిగిన అరగంట తర్వాత, పైన చెప్పిన మూడింటిలో ఆనాటి నిద్ర ఏదో ఒక్క మాటలో రాసుకోండి. పక్కనే ముందురోజు రాత్రి భోజనం ఎన్నింటికి ముగిసింది, మద్యం తీసుకున్నారా, సాయంత్రం కునుకు తీశారా అన్నవి కూడా రాయండి. కొద్ది వారాల్లో ఏ సాయంత్రం తర్వాత ఏ ఉదయం వస్తోందో మీకే కనిపిస్తుంది. మద్యం సంగతి ప్రత్యేకంగా అడగడానికి కారణముంది. అది తొందరగా నిద్రపుచ్చుతుంది గానీ, రాత్రి రెండో సగంలో నిద్రను ముక్కలు చేస్తుంది.

ఇంకొక్క ముఖ్యమైన మాట. మీరు గురక పెడతారా, నిద్రలో ఊపిరి ఆగి ఉక్కిరిబిక్కిరై లేస్తారా అని ఇంట్లోవారిని అడగండి. ఉదయం తలనొప్పి, నోరు ఎండిపోవడం, పగలు కూర్చున్నచోటే కునుకు రావడం కూడా ఉంటే అది స్లీప్ అప్నియా కావచ్చు. అందులో గొంతు దగ్గర శ్వాసమార్గం మాటిమాటికీ మూసుకుపోతుంది, మెదడు ప్రతిసారీ లేపుతూనే ఉంటుంది, మనకు మాత్రం ఆ మెలకువలు గుర్తుండవు. ప్రాణాయామంతో సర్దుకుంటుందని కాలయాపన చేయకుండా స్లీప్ స్టడీ, అంటే రాత్రి నిద్రలో శ్వాసను కొలిచే పరీక్ష, చేయించుకోండి. రక్తహీనత, థైరాయిడ్ లోపం ఉన్నా ఇదే బరువు కనిపిస్తుంది కనుక ఆ రక్తపరీక్షలూ చేయించుకోవడం మంచిది.

ప్రశ్న: పక్క ఎక్కగానే ఆలోచనలు ముసురుకుంటాయి. గంటా గంటన్నర పొర్లుతూనే ఉంటాను. వీడియోలో చూసి పడుకోబోయే ముందు భస్త్రిక, కపాలభాతి పావుగంట చేస్తున్నాను. వాటితో నిద్ర మరింత దూరమైనట్టుంది. నేను చేసే తీరులో లోపముందా?

జవాబు: తీరు సంగతి తర్వాత, వేళ సరిగా లేదు. భస్త్రిక, కపాలభాతి ఊపిరిని వేగంగా ఆడించి ఒంట్లో వేడినీ చురుకునూ పుట్టించే క్రియలు. వాటిని ఉదయం ఖాళీ కడుపుతో చేయాలి, అదీ రక్తపోటు, గుండెజబ్బు, హెర్నియా లేనివారూ గర్భిణులు కానివారూ మాత్రమే. నిద్రపోవాలంటే ఒళ్ళు చల్లబడాలి, నాడి నెమ్మదించాలి. మీరు సరిగ్గా దానికి ఎదురు పని చేసి పక్క ఎక్కుతున్నారు.

రాత్రికి కావలసింది దీర్ఘ రేచకం, అంటే పీల్చిన దానికన్నా నిదానంగా ఊపిరిని వదలడం. గాలి కదిలితే చిత్తం కదులుతుందనీ, గాలి నిలిస్తే చిత్తమూ నిలుస్తుందనీ హఠయోగపు పాత గ్రంథం హఠయోగ ప్రదీపిక రెండో అధ్యాయం మొదట్లోనే చెబుతుంది. శరీరశాస్త్రం కూడా దీనికి దగ్గరగానే మాట్లాడుతుంది: ఊపిరి పీల్చేటప్పుడు గుండె కాస్త వేగంగా, వదిలేటప్పుడు కాస్త నెమ్మదిగా కొట్టుకుంటుంది, ఎందుకంటే వదిలేటప్పుడు గుండెను నెమ్మదింపజేసే వేగస్ నాడి ప్రభావం పెరుగుతుంది. వదిలే సమయాన్ని పొడిగిస్తే ఆ నెమ్మదితనమూ పెరుగుతుంది.

పద్ధతి ఇది. వెల్లకిలా పడుకుని మోకాళ్ళ కింద ఒక దిండు పెట్టుకోండి. ఒక అరచేతిని బొడ్డు మీద ఉంచండి. మనసులో నాలుగు లెక్కపెడుతూ ముక్కుతో పీల్చండి. బొడ్డు మీది చెయ్యి పైకి లేవాలి, భుజాలు కదలకూడదు. ఆరు లెక్కపెడుతూ ముక్కుతోనే వదలండి. వదలడం పూర్తయ్యాక తర్వాతి శ్వాస దానంతటదే మొదలయ్యేదాకా తొందరపడవద్దు. ఆ చిన్న విరామాన్ని మీరు సాగదీయనూ వద్దు, తెంచనూ వద్దు. కుంభకం, అంటే ఊపిరి బిగపట్టడం, అసలే వద్దు. ఆయాసంగా అనిపిస్తే మూడు, నాలుగు లెక్కలకు తగ్గించుకోండి. మొదట్లో వదిలే ఊపిరి చివర్లో పొట్ట బిగుసుకుంటుంది, దవడలు కూడా మనకు తెలియకుండానే బిగుస్తాయి. పై పళ్ళకూ కింది పళ్ళకూ మధ్య కాస్త సందు వదిలి, నాలుకను నోట్లో వదులుగా పడుకోబెట్టండి. ఇంత చిన్న విషయం చెప్పడం దేనికని అనుకోవచ్చు గానీ, ఆలోచనల వేగం దవడలో తెలిసినంతగా మరెక్కడా తెలియదు. పది నిమిషాలు చాలు. ఇష్టమైతే దీనికి ముందు కూర్చుని ఐదారు సార్లు భ్రామరి, అంటే తుమ్మెదలా ఝుమ్మంటూ ఊపిరి వదలడం, చేయవచ్చు. చెవిపోటు, చెవిలో ఇన్ఫెక్షన్ ఉన్నవారు మాత్రం మానుకోవాలి.

ఇక అసలు చిక్కు మరొకటి ఉంది. 'ఇది చేస్తే నిద్ర వస్తుందా, వచ్చిందా' అని చూస్తూ చేసే సాధన కాపలా కాయడంతో సమానం, కాపలా ఉన్నచోట నిద్ర రాదు. అందుకే ఈ శ్వాసను శ్వాస కోసమే చేయండి. ఇరవై నిమిషాలు గడిచాయనిపించినా నిద్ర రాకపోతే లేచి వేరే చోట మసక వెలుతురులో కూర్చోండి, కళ్ళు మూతలు పడుతున్నప్పుడే తిరిగి పక్క ఎక్కండి. గడియారం వైపు చూడవద్దు. దీర్ఘకాలపు నిద్రలేమికి మందులకన్నా ముందుగా సూచించే మానసిక చికిత్సలో కూడా ఇదే నియమం ఉంది, ఎందుకంటే పక్క మీద పొర్లుతూ గడిపే ప్రతి గంటా ఆ పక్కకూ మెలకువకూ మధ్య సంబంధాన్ని ముడివేస్తుంది.

ముసురుకునే ఆలోచనలకు కూడా పగలే ఒక వేళ కేటాయించండి. సాయంత్రం ఒక పావుగంట కూర్చుని మిగిలిపోయిన పనులను, బెంగలను కాగితం మీద పెట్టి, ప్రతిదానికీ ఎదురుగా రేపు వేయగలిగిన మొదటి అడుగు రాయండి. ఇంద్రియాలను విషయాల నుంచి వెనక్కి తీసుకోవడాన్ని ప్రత్యాహారం అన్నారు. దీపం ఆర్పగానే అది ఒక్కసారిగా జరగాలని ఆశించడం న్యాయం కాదు.

ప్రశ్న: అరగంట యోగనిద్ర రెండు మూడు గంటల మామూలు నిద్రకు సమానమని విన్నాను. పనుల ఒత్తిడి వల్ల రాత్రి నిద్ర నాలుగున్నర గంటలకు తగ్గించుకుని మధ్యాహ్నం యోగనిద్ర చేస్తున్నాను. ఇలా కొనసాగించవచ్చా?

జవాబు: కొనసాగించకండి. ఈ లెక్కను చాలామంది చాలా ధీమాగా చెబుతారు గానీ, దాని మీద ఆధారపడి రాత్రి నిద్రను కోసుకోవడం ఆరోగ్యానికి చేటు.

ఇప్పుడు మనం యోగనిద్ర పేరుతో చేస్తున్న పద్ధతికి రూపమిచ్చిన వారిలో ముఖ్యులు ముంగేరులో బిహార్ స్కూల్ ఆఫ్ యోగాను స్థాపించిన స్వామి సత్యానంద సరస్వతి. తాంత్రిక సంప్రదాయంలోని న్యాసాన్ని, అంటే ఒంట్లోని ఒక్కో చోట మంత్రాన్ని నిలపడాన్ని, ఆధారం చేసుకుని, శవాసనంలో ఉండి సంకల్పం చెప్పుకోవడం, ఒక్కో అవయవం మీదుగా ఎరుకను తిప్పడం, శ్వాసను గమనించడం, వేడి, చలి వంటి ఒకదానికొకటి ఎదురైన అనుభూతులను తలచుకోవడం అనే మెట్లతో దాన్ని కూర్చారు. అందులో సాధకుడు మేలుకునే ఉండాలన్నది మొదటి నియమం. గురక వినిపించిందంటే అక్కడ జరుగుతున్నది యోగనిద్ర కాదు, మామూలు నిద్రే. మీ విషయంలో బహుశా అదే జరుగుతోంది, నిద్ర కరువైన శరీరం దొరికిన అరగంటనూ వాడుకుంటోంది.

నిద్రలో సుమారు తొంభై నిమిషాలకొక ఆవృత్తి నడుస్తుంది. రాత్రి తొలిభాగంలో గాఢనిద్ర ఎక్కువ, చివరిభాగంలో కలల దశ ఎక్కువ. మీరు నాలుగున్నర గంటలకే లేచిపోతే ఎక్కువగా నష్టపోయేది ఆ చివరి భాగాన్నే. ఏ విశ్రాంతి సాధనా దాన్ని పూడ్చదు. అతిగా నిద్రపోయేవాడికీ, బొత్తిగా మేలుకుని ఉండేవాడికీ కూడా యోగం కుదరదని భగవద్గీత ఆరో అధ్యాయం పదహారో శ్లోకం. దీన్ని పక్కనపెట్టి, లోకమంతా నిద్రించే రాత్రిలో సంయమి (ఇంద్రియాలను అదుపులో పెట్టుకున్నవాడు) మేలుకుని ఉంటాడన్న రెండో అధ్యాయపు శ్లోకాన్ని నిద్ర మానుకోవడానికి అనుమతిపత్రంగా చూపేవారున్నారు. అక్కడి మెలకువ ఆత్మజ్ఞానానికి సంబంధించినది, అలారానికి సంబంధించినది కాదు.

యోగనిద్రను వదిలేయనక్కరలేదు. రాత్రి నిద్రను ఏడు గంటలకు చేర్చుకున్నాక, ఒత్తిడి దించుకోవడానికి దాన్ని చేయండి. అప్పుడే అది మేలుకుని చేసే సాధనగా మీకు పట్టుబడుతుంది.

ప్రశ్న: నాకు పదిహేడేళ్ళు, పరీక్షలకు చదువుతున్నాను. బ్రాహ్మీ ముహూర్తంలో చదివితే బాగా గుర్తుంటుందని నాలుగింటికే లేస్తున్నాను. పడుకునేసరికి పన్నెండవుతోంది. తరగతిలో నిద్ర ఆగడం లేదు.

జవాబు: నాయనా, ముందు లెక్క చూద్దాం. ముహూర్తమంటే 48 నిమిషాలు. సూర్యోదయానికి 96 నిమిషాల ముందు బ్రాహ్మీ ముహూర్తం మొదలై, 48 నిమిషాల ముందు ముగుస్తుంది. ఆరింటికి సూర్యోదయమైతే అది 4.24 నుంచి 5.12 వరకు. ఆ వేళ ప్రశాంతంగా ఉంటుంది, నిజమే. అయితే పెందలాడే పడుకునే అలవాటున్న కాలంలో చెప్పిన నియమమది. లేచే వేళను మాత్రం పట్టుకుని పడుకునే వేళను వదిలేస్తే నియమం సగమే మిగులుతుంది. నీ వయసువారికి ఎనిమిది నుంచి పది గంటల నిద్ర అవసరం. పైగా ఈ వయసులో శరీరపు గడియారమే కొంత ఆలస్యంగా నడుస్తుంది కనుక తొమ్మిదింటికే నిద్ర రాకపోవడం నీ తప్పు కాదు. చదివింది మెదడులో కుదురుకునేది చాలావరకు నిద్రలోనే. పదింటికి పుస్తకం మూసి ఆరింటికి లేచి చదువు. పరీక్షలయ్యాక పడుకునే వేళను రోజుకు పది, పదిహేను నిమిషాలు చొప్పున ముందుకు జరుపుకుంటూ, దానితోపాటే లేచే వేళనూ జరుపుకోవచ్చు.

ప్రశ్న: నాకు అరవై ఎనిమిదేళ్ళు. తొమ్మిదింటికల్లా పడుకుంటాను, మూడింటికే మెలకువ వచ్చేస్తుంది. మధ్యలో రెండు సార్లు మూత్రానికి లేస్తాను. మోకాళ్ళ నొప్పులున్నాయి. ఏ ఆసనాలు వేయాలి? రోజువారీ జీవితంలో ఇంకేమైనా మార్చుకోవాలా?

జవాబు: అమ్మా, తొమ్మిది నుంచి మూడు వరకు ఆరు గంటలు. పగలు ఎంతసేపు పడుకుంటున్నారో మీరు రాయలేదు. మధ్యాహ్నం గంటన్నర పడుకుంటే మీ నిద్ర దాదాపు సరిపోతున్నట్టే, అది రెండు ముక్కలుగా ఉందంతే. వయసు పెరిగేకొద్దీ నిద్ర పలచబడడం, వేళ ముందుకు జరగడం సహజం. పగటి కునుకును మూడింటిలోపు, ఇరవై ముప్ఫై నిమిషాలకు కుదించండి. రాత్రి పదింటిదాకా మెలకువగా ఉండండి. సాయంత్రపు వెలుతురులో కాసేపు నడిస్తే ఆ మెలకువ నిలుస్తుంది.

గీతలో పైన చెప్పిన శ్లోకం తర్వాతదే ఆహారం, విహారం, చేసే పని, నిద్ర, మెలకువ ఇవన్నీ యుక్తంగా ఉన్నవాడికి యోగం దుఃఖాన్ని పోగొడుతుందని చెబుతుంది. నిద్రను ఆ వరుసలో చివర పెట్టడం నాకు ఎప్పుడూ సబబుగానే తోస్తుంది, ముందున్నవి కుదిరితే తప్ప అది కుదరదు. రాత్రి భోజనం పడుకునే వేళకు రెండు మూడు గంటల ముందే ముగించండి. కడుపులో నాలుగో భాగం ఖాళీగా వదలమని హఠయోగ ప్రదీపిక మితాహారానికి కొలత ఇచ్చింది. రాత్రిపూట దాన్ని మరింత గట్టిగా పాటించాలి. కాఫీ, టీలలోని కెఫీన్ సగం తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది, వయసులో ఇంకా ఎక్కువ పట్టవచ్చు కనుక మధ్యాహ్నం దాటాక వద్దు. తాగవలసిన నీళ్ళు పగలే తాగేసి, పడుకోవడానికి రెండు గంటల ముందు నుంచి తగ్గించండి. సాయంత్రం పాదాలకు వాపు వస్తుంటే, ఆ నీరు పడుకున్నాక రక్తంలోకి తిరిగి చేరి మూత్రంగా వస్తుంది. అలాంటప్పుడు సాయంత్రమే అరగంట కాళ్ళు ఎత్తుగా పెట్టుకుని పడుకోవడం మేలు చేస్తుంది. చక్కెర వ్యాధి, రక్తపోటు మాత్రలు వేసుకునే వేళ గురించి డాక్టరుగారిని ఒకసారి అడగండి.

ఆసనాల్లో మోకాళ్ళు మడిచి వాటి మీద బరువు వేసే వజ్రాసనం, పద్మాసనం మీకు వద్దు. ఉదయం కుర్చీలో కూర్చునే చేతులు పైకి చాచడం, నడుమును రెండు వైపులా నెమ్మదిగా తిప్పడం, మడమలనూ చీలమండలనూ తిప్పడం చేయండి.  రాత్రి గోడ పక్కన పడుకుని కాళ్ళను గోడకు ఆనించి ఐదు పది నిమిషాలు ఉండండి, నడుము కింద మడిచిన దుప్పటి పెట్టుకోండి. గ్లకోమా (సాధారణంగా కంట్లో ఒత్తిడి పెరిగి చూపు దెబ్బతినే జబ్బు), అదుపులో లేని రక్తపోటు, గుండె బలహీనత ఉంటే కాళ్ళను అంత ఎత్తు పెట్టకుండా, కుర్చీ మీద పిక్కలు ఆనిస్తే చాలు; అదీ డాక్టరుగారికి చెప్పి చేయండి. ఆ తర్వాత శవాసనం. అలసటను హరించి చిత్తానికి విశ్రాంతినిస్తుందని ప్రదీపిక దాని గురించి ఒక్క శ్లోకంలో తేల్చేసింది.

మూడింటికి మెలకువ వస్తే దీపం వేయకండి, ఫోన్ తీయకండి. మూత్రానికి లేవవలసి వస్తే నేల దగ్గరగా ఉండే చిన్న మసక దీపం చాలు. పక్కకు తిరిగి లేచి, కూర్చుని కొన్ని శ్వాసలయ్యాకే నిలబడండి. చీకట్లో హడావుడిగా లేచి పడిపోవడం నిద్ర చెడడం కన్నా పెద్ద ప్రమాదం.

ప్రశ్న: కొన్నేళ్ళుగా రోజూ నిద్రమాత్ర వేసుకుంటున్నాను. యోగా మొదలుపెట్టాక హాయిగా ఉంది. మాత్ర మానేయనా?

జవాబు: సొంతంగా ఒక్కసారిగా మానవద్దు. కొన్ని రకాల నిద్రమాత్రలను, ముఖ్యంగా బెంజోడయజెపైన్ కోవకు చెందినవాటిని, చాలాకాలం వాడి హఠాత్తుగా ఆపితే ఆందోళన, వణుకు, అరుదుగా మూర్ఛ కూడా రావచ్చు. రాసిచ్చిన డాక్టరు దగ్గరకే వెళ్ళి మానాలని ఉందని చెప్పండి. మోతాదును వారాల మీదో నెలల మీదో మెట్లుమెట్లుగా తగ్గిస్తారు. తగ్గించిన ప్రతిసారీ కొన్ని రాత్రులు నిద్ర మునుపటికన్నా చెడవచ్చు. అది మందు తగ్గినందువల్ల వచ్చేది, మీ సాధన పనిచేయనందువల్ల కాదు. ఆ రాత్రుల్లో సాధన సమయాన్ని పెంచవలసిన పనిలేదు, పది నిమిషాల శ్వాసను అదే వేళకు, అదే తీరులో కొనసాగించండి.